రిమోటు ఎవరి చేతిలో ఉంటుంది?

మా ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర ఏడాదికి రెండుసార్లు ఒకే ప్రశ్న వస్తుంది. ఒకసారి దసరా సేల్ ముందు, ఇంకోసారి ఐపీఎల్ ముందు. "బాసూ, టీవీకి పెట్టుకోడానికి ఏ స్టిక్ కొనమంటావ్?" అని. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాక ప్రింటరు దగ్గర్నుంచి వాషింగ్ మెషీన్ దాకా అన్నిటికీ మనమే నిపుణులం కదా, నేనూ కాదనకుండా చెప్పేవాణ్ణి. ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏంటి, డాల్బీ విజన్ ఉందా, వైఫై 6 ఉందా... దీనికో ఎక్సెల్ షీటు కూడా ఉండేది నా దగ్గర. అడిగినవాళ్ళకి మెయిల్ కొట్టేవాణ్ణి.

ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను తిరిగి ఒక్కటే అడుగుతున్నా. "రిమోటు ఎవరి చేతిలో ఉంటుంది?"

ఈ జ్ఞానోదయం ఊరికే కాలేదు. దానికి మా నాన్నగారి మూడు నెలల సాయంత్రాలు ఖర్చయ్యాయి. అది చెప్పడానికే ఈ టపా.

మా అమ్మానాన్నా తణుకులో ఉంటారు. నాన్నగారు సహకార బ్యాంకులో క్యాషియరుగా చేసి రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్క రోజు కూడా లెక్క తేడా రాని మనిషి. సాయంత్రం ఏడింటికి వార్తలు, ఎనిమిదింటికి భోజనం, తర్వాత ఏదో ఒక పాత సినిమా, పదింటికి నిద్ర. కేబుల్ కనెక్షన్, ఒక రిమోటు, ఆయనకి నోటికొచ్చిన నాలుగు ఛానెల్ నంబర్లు. అంతే సెటప్పు.

రెండేళ్ళ కిందట దసరాకి వెళ్ళినప్పుడు నాకు బుద్ధి పుట్టింది. ఇంటికి ఫైబర్ నెట్ పెట్టించా. సేల్‌లో స్టిక్ కొన్నా. కేబుల్ తీయించేశా. "నెలకి ఇన్నేసి డబ్బులు ఎందుకు నాన్నగారూ, ఇందులో అన్నీ వస్తాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు చూడొచ్చు" అన్నాను. ఆయన "సరే, నీకు తెలుసు కదా" అన్నారు. మన ప్రాజెక్టుల్లో క్లయింటు ఇలా అన్నాడంటే అది అనుమతి కాదు, ప్రమాదఘంటిక అని మనందరికీ తెలుసు. ఇంట్లో మాత్రం గుర్తురాదు.

కొన్నది ఏమిటనుకున్నారు? 4కే స్టిక్. పెట్టింది ఎక్కడ? 32 అంగుళాల "హెచ్‌డీ రెడీ" టీవీకి. ఆ ప్యానెల్ 1366 బై 768. అంటే పది లక్షల పిక్సెళ్ళ చిల్లర. 4కే అంటే 83 లక్షల దాకా. ఎనిమిది పిక్సెళ్ళకి డబ్బు కట్టి ఒక్క పిక్సెల్ చూపించే తెరకి తగిలించాను. ఎక్సెల్ షీట్లో ర్యామ్ కాలమ్ ఉంది గానీ టీవీ కాలమ్ లేదు మరి :)

సరే, అసలు సంగతి అది కాదు. హైదరాబాద్ వచ్చేశాక రోజూ సాయంత్రం ఫోన్లు మొదలయ్యాయి. "ఒరే అబ్బాయ్, నీలం తెర వచ్చింది", "ఏదో అప్‌డేట్ అంటోంది, నొక్కనా?", "బొమ్మ వస్తోంది, సౌండు లేదు." సరిగ్గా మా ఆన్‌సైట్ వాళ్ళతో కాల్ ఉండే టైము. మొదటి వారం ఓపిగ్గా చెప్పాను. రెండో వారం గబగబా చెప్పాను. మూడో వారం ఒకసారి, "నిన్ననే చెప్పాను కదా నాన్నగారూ, మధ్యాహ్నం ఒంటిగంటకి చెయ్యండి, ఇప్పుడు మీటింగ్‌లో ఉన్నా" అని పెట్టేశాను.

తర్వాత ఫోన్లు తగ్గాయి. ఆ పైన ఆగిపోయాయి. అలవాటైపోయింది కాబోలు అనుకున్నాను. టికెట్లు రావడం లేదంటే సిస్టమ్ స్టేబుల్ అయిందని రిపోర్టు రాసుకునే జాతి కదా మనది.

సంక్రాంతికి వెళ్తే టీవీ మీద ఓ తువ్వాలు కప్పి ఉంది. స్టాండు కింద స్టిక్ రిమోటు, దాని కింద మడతపెట్టిన కాగితం. తిథుల కేలండర్లో చింపిన పేజీ వెనకాల నాన్నగారి ముత్యాల్లాంటి అక్షరాలు:

1. పెద్ద రిమోటు, ఎర్ర బటను.
2. ఇన్‌పుట్. కిందకి రెండుసార్లు. మధ్య బటను.
3. ఇక చిన్న రిమోటు తీయవలెను.
4. "ఎవరు చూస్తున్నారు" అని అడుగును. మన పేరు లేదు. అబ్బాయి పేరు నొక్కవలెను.
5. ప్రకటన వచ్చును. నొక్కరాదు.

ఇలా పదకొండు ఉన్నాయి. సౌండుకి మళ్ళీ పెద్ద రిమోటు, వెనక్కి రావడానికి చిన్న రిమోటు. పదకొండోది: "రానిచో అబ్బాయికి ఫోను (మధ్యాహ్నం 1 నుండి 2 లోపు)."

ఆ పదకొండో లైను కొట్టేసి ఉంది.

అమ్మనడిగితే, "మూడు నెలలైంది రా ఆయన టీవీ పెట్టి. వరండాలో కూర్చుంటున్నారు. నీకు చెప్పొద్దన్నారు, డబ్బులు పోసి కొన్నావని" అంది.

నా ఇరవై ఏళ్ళ సర్వీసులో చదివిన అతి స్పష్టమైన రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటు ఆ కేలండర్ కాగితమే. బాధేమిటంటే ప్రొడక్షన్‌లోకి వెళ్ళిన మూడు నెలల తర్వాత చదివాను.

అంచేత, ఇంత డబ్బు తగలేసి (ఒక మనిషి సాయంత్రాలు కూడా తగలేసి) నేర్చుకున్నవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను. నచ్చితే పాటించండి, లేకపోతే ఉచిత సలహా కింద తోసెయ్యండి.

మొదటిది, డబ్బా కన్నా ముందు టీవీ వెనక చూడండి. ఆ తెర ఎంత రిజల్యూషను, హెచ్‌డీఎమ్ఐ పోర్టు ఎక్కడుంది, 4కే టీవీ అయితే ఆ పోర్టు హెచ్‌డీసీపీ 2.2 ఒప్పుకుంటుందా? ఈ చివరిది లేకపోతే డబ్బా 4కే అయినా, టీవీ 4కే అయినా సినిమా మాత్రం 4కేలో రాదు. స్టిక్‌కి కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి ఇవ్వకండి, దాంతో వచ్చిన అడాప్టరే వాడండి. పాత టీవీల యూఎస్‌బీ ఇచ్చే కరెంటు చాలక అది మధ్యలో రీస్టార్ట్ అవుతూ ఉంటుంది, మనం నెట్‌ని తిట్టుకుంటూ ఉంటాం. ఇక నెట్ సంగతి. నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు 1080కి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 ఉంటే చాలంటారు. ఇంటికి 100 ఎంబీపీఎస్ వస్తున్నా సినిమా ఆగుతోందంటే లోపం తరచుగా రూటరుకీ టీవీకీ మధ్య ఉన్న గోడల్లో ఉంటుంది. వీలుంటే ఈథర్నెట్ తీగ లాగండి. తీగని మించిన వైఫై ఇంకా పుట్టలేదు.

రెండోది, బజార్లో రెండువేలకి దొరికే పేరూ ఊరూ లేని ఆండ్రాయిడ్ బాక్సులు. "8కే", "లైఫ్‌టైమ్ ఫ్రీ" అని అట్టమీద రాసి ఉంటాయి. రెండు కారణాలకి వాటి జోలికి పోవద్దంటాను. ఒకటి, వీటిలో చాలావాటికి వైడ్‌వైన్ ఎల్1 ఉండదు. ఎల్3 మాత్రమే ఉంటే పెద్ద సర్వీసులు మీకు పాత డీవీడీ స్థాయి బొమ్మే పంపిస్తాయి, అట్టమీద ఏం రాసున్నా సరే. రెండోది ఇంకా పెద్దది. 2025 జూన్‌లో ఎఫ్‌బీఐ బాడ్‌బాక్స్ 2.0 గురించి హెచ్చరిక ఇచ్చింది. ఇలాంటి స్ట్రీమింగ్ బాక్సులు కొన్ని ఫ్యాక్టరీ నుంచే వైరస్‌తో వస్తున్నాయి, ఇంకొన్నిటిలోకి సెటప్ చేసేటప్పుడు వేసుకునే యాప్‌లతో దూరుతోంది. ఆ తర్వాత మీ ఇంటి ఐపీ అడ్రసు ఎవడో దొంగ పనులకి వాడుకుంటాడు. మరుసటి నెలే గూగుల్ కోర్టుకెళ్ళింది, కోటికి పైగా డబ్బాలకి ఇది అంటుకుందని చెబుతూ. ఆఫీసు వీపీఎన్ కూడా అదే వైఫైలో నడిపే మనం మిగిల్చిన వెయ్యి రూపాయలకి ఎంత ఖరీదు కడుతున్నామో ఆలోచించండి.

మూడోది, డబ్బా సినిమాలు తేదు. సినిమాలు హక్కుల్ని బట్టి వస్తాయి. ఆర్ఆర్ఆర్ గుర్తుందా? 2022 మేలో తెలుగుది జీ5లో వచ్చింది, హిందీది నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఒక సినిమా, రెండు భాషలు, రెండు చందాలు! మీ ఇంట్లోవాళ్ళు నిజంగా చూసేది ఏమిటో ఒక వారం రాసుకోండి. ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్, జియోహాట్‌స్టార్... వీటిలో ఏది కావాలో తేలాక ఆ యాప్ ఆ డబ్బాలో ఉందా అని చూడండి. మా ఇంట్లో లెక్క తీస్తే తేలింది ఏమిటంటే, నాన్నగారికి కావాల్సినవాటిలో సగానికి పైగా యూట్యూబులోనే ఉన్నాయి. చాలా పాత సినిమాలు హక్కులున్నవాళ్ళే అక్కడ పెట్టేశారు. నేను మాత్రం ఆయనకి మూడు చందాలు కట్టాను. అమెరికా నుంచి స్టిక్కులు బహుమతిగా పట్టుకొచ్చే బావగార్లకి ఓ మాట. యాప్‌ల జాబితా అకౌంటు ఏ దేశానిదో దాన్నిబట్టి ఉంటుంది, కాబట్టి ఇచ్చేముందు అకౌంటు ఇక్కడిది పెట్టి చూసి మరీ ఇవ్వండి.

నాలుగోది, ఇది ఎన్నాళ్ళు బతుకుతుంది? 2013లో 35 డాలర్లకి క్రోమ్‌కాస్ట్ వచ్చినప్పుడు ఇంకేం కావాలి అనుకున్నాం. 2024 ఆగస్టులో గూగుల్ వాటి తయారీ ఆపేస్తున్నామంది. 2025 మార్చిలో రెండో తరం క్రోమ్‌కాస్టులు ప్రపంచమంతా ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. కారణం? పదేళ్ళ కిందట పెట్టిన సర్టిఫికెట్ గడువు తీరిపోయింది! గూగుల్ కొన్ని రోజుల్లోనే అప్‌డేట్ పంపి సరిచేసిందనుకోండి. సర్టిఫికెట్ ఎక్స్‌పైరీ వల్ల ప్రొడక్షన్ పడిపోవడం మనకేం కొత్త కాదు, కాకపోతే ఆ రోజు నవ్వు రాలేదు. పనిచేస్తున్న వస్తువు, పగలలేదు, తడవలేదు, ఉన్నట్టుండి చచ్చింది. కాబట్టి కొనేముందు ఆ మోడల్ ఎప్పుడొచ్చింది, అప్‌డేట్లు ఎన్నాళ్ళిస్తామంటున్నారు అన్నది చూడండి. సేల్‌లో సగం ధరకి ఇస్తున్నారంటే కొన్నిసార్లు సగం ఆయుష్షే మిగిలుందని అర్థం.

ఐదోది, చవగ్గా ఎందుకిస్తున్నారు? రోకు కంపెనీ లెక్కలు చూడండి, డబ్బాల అమ్మకం మీద నష్టం, ప్రకటనల మీదా చందాల్లో వాటాల మీదా రాబడి. తెర మీద మొదటి పేజీ మీది కాదు, అద్దెకిచ్చిన హోర్డింగు. టీవీలదీ అదే దారి. మనం ఏం చూస్తున్నామో చెప్పకుండా రికార్డు చేశారని 2017లో అమెరికాలో విజియో కంపెనీ 22 లక్షల డాలర్లు కట్టి కేసు పరిష్కరించుకుంది. కోటీ పది లక్షల టీవీల సంగతి అది. తర్వాత 2024లో వాల్‌మార్ట్ ఆ కంపెనీనే కొనేసింది, తమ ప్రకటనల వ్యాపారం పెంచుకోవడానికని చెప్పి మరీ. ప్రకటనలు తక్కువ కావాలంటే ఆపిల్ టీవీ లాంటిది ఉంది గానీ, 2022లో వచ్చిన 4కే మోడల్ మన దేశంలో 14,900 రూపాయలతో మొదలైంది. అంటే ప్రకటనలు చూడకుండా ఉండటానికి పదివేలు అదనం. ఇస్తారా లేదా అన్నది మీ ఇష్టం. ఏది కొన్నా, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ప్రైవసీ పేజీలో ఆపగలిగినవన్నీ ఆపండి, వీడియోలు వాటంతటవే మొదలవడం కూడా ఆపండి. పది నిమిషాల పని.

ఆరోది మన ఇంజనీర్ల సరదా కోసం. కెమెరా పక్కకి తిరిగినప్పుడు బొమ్మ చిన్నగా కుదుపుతున్నట్టు ఉంటుంది చూడండి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, డబ్బా పంపేది 60. అరవైని ఇరవైనాలుగుతో భాగిస్తే రెండున్నర. అర ఫ్రేము చూపించలేం కాబట్టి ఒకటి రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు చూపిస్తుంది. ఆ కుదుపు అదే. ఫ్రేమ్ రేట్ మ్యాచింగ్ అనే సెట్టింగ్ ఉన్న డబ్బాలో (ఆపిల్ టీవీలో 2017 చివర్నుంచి ఉంది) ఇది పోతుంది. మీకు ఇప్పటిదాకా కనపడకపోతే మాత్రం వెతక్కండి. ఒకసారి కనిపించిందా, ఇక జన్మలో వదలదు :)

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, నేను చివర్లో తెలుసుకున్నది. రిమోటు.

హెచ్‌డీఎమ్ఐలో సీఈసీ అని ఒకటుంది. అదే తీగ మీద టీవీకీ డబ్బాకీ మధ్య నడిచే చిన్న సంభాషణ. అది ఆన్ చేస్తే చిన్న రిమోటులో హోమ్ బటను నొక్కగానే టీవీ లేస్తుంది, ఇన్‌పుట్ దానంతటదే మారుతుంది. సౌండు కూడా అదే రిమోటుతో. కేలండర్ కాగితంలో 1, 2, 3, 8 లైన్లు ఈ ఒక్క సెట్టింగ్‌తో ఎగిరిపోతాయి. మరి ఇది ఎందుకు తెలీలేదంటారా? ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. చాలా టీవీల్లో సెట్టింగ్స్ లోపలెక్కడో ఆఫ్ చేసి ఉంటుంది. మా టీవీలో అది మొదట్నుంచీ ఉంది. నేనే చూడలేదు.

"ఇంత గొడవెందుకు, స్మార్ట్ టీవీ కొనేస్తే పోలా" అనొచ్చు. మన ఇళ్ళకైతే నేను ఒప్పుకోను. టీవీ పదేళ్ళు ఉంటుంది, అందులోని సాఫ్ట్‌వేర్ అంతకు ముందే ముసలిదైపోతుంది. స్టిక్ అయితే తీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. అమ్మానాన్నల ఇంటికి మాత్రం ఈ వాదన తిరగబడుతుంది. ఒక టీవీ, ఒక రిమోటు అన్నదాని ముందు నా ఆర్కిటెక్చర్ కబుర్లు నిలబడవు.

ఆ సంక్రాంతికి ఏం చేశానంటే, కనుమ రోజు మధ్యాహ్నమంతా కూర్చుని సీఈసీ ఆన్ చేశాను. నాన్నగారి పేరుతో ప్రొఫైల్ పెట్టాను ("మన పేరు లేదు" అన్న ముక్క ఇంకా గుచ్చుకుంటోంది). అక్కర్లేని యాప్‌లు తీసేశాను. పెద్ద రిమోటు బీరువాలో పెట్టాను. కేబుల్ కుర్రాణ్ణి పిలిచి కనెక్షన్ మళ్ళీ ఇప్పించాను. సెట్‌టాప్ బాక్సు రిమోటు దానిది దానికే ఉంటుంది, అది నాన్నగారికి కొట్టినపిండి. వార్తలు కేబుల్లో, సినిమా స్టిక్‌లో.

కేబుల్ కుర్రాడు వెళ్ళాక నాన్నగారు ఒక మాటన్నారు. "ఒరే, వీడికి నెలకి డబ్బులిస్తే, బొమ్మ రాకపోతే సైకిలేసుకుని వచ్చేవాడు. నీ డబ్బా బొమ్మ రాకపోతే ఎవడొస్తాడురా?"

నా దగ్గర సమాధానం లేదు. డబ్బా ఐదువేలు, చందాలు ఏడాదికి ఇన్ని వేలు అని లెక్కలేసుకున్నాను గానీ, సైకిలేసుకుని వచ్చే మనిషిని తీసేశానన్న సంగతి షీట్లో ఎక్కడా లేదు. ఆ పని ఇప్పుడు నాది. అంటే సాయంత్రం కాల్‌లో ఉన్నా ఫోన్ ఎత్తాలి. ఎత్తలేనప్పుడు పది నిమిషాల్లో తిరిగి చెయ్యాలి. అంత ఓపిక లేనివాణ్ణి ఆ డబ్బా కొనకుండా ఉండాల్సింది.

మొన్న ఓ సాయంత్రం రిలీజ్ కాల్ మధ్యలో తణుకు నుంచి ఫోను. మళ్ళీ నీలం తెర కాబోలని మ్యూట్ పెట్టి ఎత్తాను. "ఏం లేదురా. గుండమ్మ కథ చూస్తున్నాం. మీ అమ్మ నీకు చెప్పమంది" అని పెట్టేశారు. కాల్‌లో మేనేజరు రెండుసార్లు నా పేరు పిలిచాడట, వినపళ్ళేదు.

కాబట్టి ఈసారి సేల్ బేనరు కనపడగానే బుట్టలో వేసెయ్యకండి. ముందు టీవీ వెనక చూడండి. ఏం చూస్తారో రాసుకోండి. చివరగా, ఆ రిమోటు పట్టుకునే మనిషి పక్కన కూర్చుని, మీరు ముట్టుకోకుండా, ఒక సినిమా పెట్టించండి. ఎన్ని మెట్లు పట్టిందో లెక్కపెట్టండి. నాలుగు దాటితే ఇంకా సెటప్ అవ్వలేదన్నమాట. నా పాత ఎక్సెల్ షీటు ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి డిలీట్ చెయ్యండి :)